సోయా కొవ్వొత్తుల మీద తెల్లపొర: అది బూజు కాదు

ముదురు రంగు కలిపిన సోయా కొవ్వొత్తుల మీద తెల్లటి పొర వస్తోంది, పైన గతుకులు పడుతున్నాయి, మైనం పాడైందా అని అడిగారు. పాడవలేదు. పోయినేడు దీపావళికి నేనూ ఇదే టెన్షన్ పడ్డాను. 24 గ్లాసుల్లో మెరూన్ రంగు మైనం పోసి, త్వరగా గట్టిపడతాయని హాల్లో ఫ్యాను కింద పెట్టి పడుకున్నా. పొద్దున లేచి చూస్తే అన్నిటికీ విభూతి పూసినట్టుంది. మా అత్తగారు ఒకటి చేతిలోకి తీసుకుని, గోటితో గీకి చూసి, "బూజు పట్టిందేమోనమ్మా" అన్నారు.

సోయా మైనం అంటే హైడ్రోజన్‌తో గట్టిపరిచిన సోయా నూనే. నెయ్యి పేరుకుని పూస కట్టినట్టు ఇదీ స్ఫటికాలు కడుతుంది. ఆ తెల్లదనం అదే. రంగు వేయని మైనంలోనూ ఉంటుంది, కాకపోతే కంటికి ఆనదు. మంటకీ వాసనకీ దాంతో ఏ ఇబ్బందీ లేదు. పూర్తిగా పోగొట్టడం నా వల్ల కాలేదు కానీ, చాలావరకు తగ్గించగలిగాను.

ముందు ఫ్యాను మానేశాను. గ్లాసుల్ని వంటింటి గ్రానైట్ గట్టు మీద పెట్టడం కూడా మానేశాను, చల్లటి రాయి అడుగునుంచి వేడి లాగేస్తుంది. ఇప్పుడు చెక్క బల్ల మీద నాలుగు వేళ్ల దూరంలో వరసగా పెట్టి, పైన అట్టపెట్టె బోర్లిస్తున్నా. పోసేముందు గ్లాసుల్ని హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వెచ్చచేస్తా. మైనాన్ని 80 డిగ్రీల దాకా కరిగించి, సెంటు కలిపి, 55-60కి దిగాక పోస్తున్నా. మీ మైనానికి ఈ లెక్క కొంచెం అటూ ఇటూ కావచ్చు, ప్యాకెట్ మీద రాసింది ఓసారి చూడండి. చేత్తో తాకి అంచనా వేయకండి, వంటింటి థర్మామీటరు ఒకటి కొనుక్కోండి.

గతుకులకైతే హెయిర్ డ్రయ్యరే మందు. పైపొర కరిగేదాకా వేడిగాలి పట్టిస్తే తనంతట తనే సమంగా సర్దుకుంటుంది. ఒత్తి పక్కన గుంట పడితే మాత్రం పైపైన కరిగించి ఊరుకోవద్దు, లోపల గాలి గుల్ల ఉండిపోతుంది. పుల్లతో పొడిచి, దాన్ని బయటపెట్టి, ఆ తర్వాత మైనం నింపండి.

పైన నూనె చెమటలా పడితే సెంటు ఎక్కువైందని లెక్క. నేను కిలోకి 100 గ్రాములు పోసి చేతులు కాల్చుకున్నాను, ఇప్పుడు 60 దాటను. వెనిల్లా సెంటు వాడితే తెల్ల కొవ్వొత్తి కొన్నాళ్లకు గోధుమరంగుకి తిరుగుతుంది. ఆ వాసననిచ్చే వెనిలిన్ గుణమే అంత, అందుకే వాటికి ముందే బ్రౌన్ రంగు వేసేస్తున్నా.

గ్లాసు లోపల తడిసినట్టు కనిపించే మచ్చలున్నాయే, మైనం కుదించుకుని గాజుని వదిలేసిన చోట్లు, వాటితో మాత్రం కుస్తీ మానేశాను. జనపనార గుడ్డ చుట్టి ఇచ్చేస్తున్నా, ఇప్పటిదాకా ఎవరూ విప్పి చూడలేదు.