సేకర్తల ప్రశ్నలు: వెండిరంగు కింద తెలుపు ఉందా?

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ అమెరికన్ ఫుట్‌బాల్ పాత హెల్మెట్ల గురించే.

ప్ర: ఆన్‌లైన్ వేలంలో డాలస్ కౌబాయ్స్ జట్టు హెల్మెట్ ఒకటి పెట్టారు. 1962 సీజన్లో ఆటలో వాడిందే అంటున్నారు. వెండిరంగు షెల్ (గట్టి పైడొప్ప), నీలం నక్షత్రం, ముఖానికి అడ్డుగా బూడిదరంగు రెండు కడ్డీల మాస్క్, లోపల గుడ్డ పట్టీలు. పైన బోలెడు గీతలు. కొనొచ్చా?
– ఎస్.వి., ఫ్రిస్కో, టెక్సస్

జ: మీరు రాసినదాంట్లోనే ఒక తిరకాసు ఉంది. కౌబాయ్స్ 1960 నుంచి 1963 దాకా తెల్ల హెల్మెట్లతో ఆడారు. వెండిరంగు 1964లో వచ్చింది. అలాగని నకిలీ అని కొట్టిపారేయకండి. అప్పట్లో షెల్ బాగుంటే పారేసేవాళ్లు కాదు. సీజన్ అయ్యాక శుభ్రం చేయించి, మళ్లీ రంగు కొట్టించి, కొత్త స్టికర్లు అంటించి వాడేవాళ్లు. షెల్ 1962దే అయినా పైరంగు తర్వాతిది కావచ్చు.

తేల్చుకోవాలంటే అమ్మేవాళ్లను నాలుగు దగ్గరి ఫోటోలు అడగండి: చెవి రంధ్రం అంచు, మాస్క్ స్క్రూ చుట్టూ, షెల్ కింది అంచు లోపలివైపు, బాగా లోతుగా పడ్డ ఒక గాటు. వెలుతురు పక్కనుంచి పడేలా తీయమనండి. వెండిరంగు పెచ్చు లేచినచోట కింద తెల్లరంగు పొర కనిపిస్తే వాళ్ల మాటకు కొంత బలం వచ్చినట్టు. అది రంగు పొరా, ప్లాస్టిక్కే తెలుపా అన్నది గాటు అంచున చూస్తే తెలుస్తుంది. పొర అయితే మెట్టులా కనబడుతుంది. ఏమీ లేకపోతే 1962 అన్న మాటకు ఆధారం లేదు, ఆ ధర ఇవ్వకండి. ఆకుపచ్చో మెరూనో బయటపడిందంటే ఏదో హైస్కూల్లో ఆడిన షెల్‌కి తర్వాతెప్పుడో నక్షత్రం తగిలించారన్నమాట. ఇవి మార్కెట్లో కొల్లలు.

ఇక గీతలు. నిజంగా ఢీకొన్న హెల్మెట్ మీద ఒక్కో గాటు ఒక్కో లోతున, ఒక్కో దిక్కున ఉంటుంది. నుదురు, కణతల దగ్గర ఎక్కువ, వెనక తక్కువ. ఎదుటి జట్టు రంగు గాట్లలో ఇరుక్కుని ఉంటుంది. గరుకు కాగితంతో చేసిన 'అరుగుదల' అయితే గీతలన్నీ ఒకే దిశలో, ఒకే లోతులో, స్టికర్ మీదా పక్కన రంగు మీదా ఆగకుండా సాగుతాయి. పైన బూట్ పాలిష్ రుద్దుతారు. కాస్త తడిపిన దూదిపుల్లతో తుడిస్తే గోధుమరంగు అంటుకుంటుంది.

బూడిదరంగు మాస్క్ కాలానికి సరిపోయింది గానీ దానితో ఏదీ రుజువు కాదు. అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్.ఎఫ్.ఎల్.లో రంగు మాస్క్‌లు 1974లో శాన్ డియాగో చార్జర్స్, కాన్సస్ సిటీ చీఫ్స్‌తో మొదలయ్యాయి. కౌబాయ్స్ ఇప్పటికీ బూడిదరంగే వాడుతున్నారు. మాస్క్ కన్నా దాని స్క్రూ రంధ్రాలు ముఖ్యం. అదనపు రంధ్రాలో, పూడ్చిన మచ్చలో ఉంటే మాస్క్ మార్చారని అర్థం. వెనక హెచ్చరిక స్టికరో, నాక్సీ (క్రీడా పరికరాల భద్రతా ప్రమాణాల సంస్థ) ముద్రో ఉంటే ఆ షెల్ 1970లలోనో ఆ తర్వాతో కూడా మైదానంలో తిరిగింది. ఆ ప్రమాణమే 1973లో వచ్చింది.

చివరి పరీక్ష ఫోటోతో పోల్చడం. నంబరు, నక్షత్రం కలిస్తే సరిపోదు. ఆ హెల్మెట్‌కి మాత్రమే ఉండే గుర్తులు, అంటే ఫలానా గాటు ఆకారం, స్టికర్ కింద గాలిబుడగ, నడినెత్తి చారకి నక్షత్రానికి మధ్య దూరం, వీటిలో కనీసం రెండు పాత ఆట ఫోటోలో దొరకాలి. లోపలి సైజు ముద్ర ఆటగాడి తలకి సరిపోవాలి. అసలుదేనని ఎవరో రాసిచ్చిన ఉత్తరం ఒక్కటీ పట్టుకుని డబ్బు కట్టకండి.

ప్ర: మా బావగారు అమెరికా నుంచి 1930ల నాటి తోలు హెల్మెట్ తెచ్చారు. వానాకాలంలో తెల్లగా బూజు పట్టింది. కొబ్బరినూనె రాయమంటున్నారు.
– కె.ఎల్., విశాఖపట్నం

జ: నూనె వద్దేవద్దు. తోలు నల్లబడుతుంది, కుట్లు మెత్తబడతాయి, దుమ్ము అతుక్కుంటుంది. ఎండలోనూ పెట్టకండి, బిర్రబిగుసుకుపోతుంది. ముందు మిగతా వస్తువులకు దూరంగా, నీడలో, ఫ్యాన్ గాలి నేరుగా తగలని చోట రెండు మూడు రోజులు ఆరనివ్వండి. బూజు పొడిబారాక ఆరుబయట, ముక్కుకి మాస్క్ పెట్టుకుని, మెత్తటి బ్రష్‌తో దులపండి.

తర్వాత మూత బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్, తేమ మీటరు పెట్టి ఉంచండి. తేమ 45–55 శాతం మధ్య ఉండాలి. 40 కన్నా తగ్గితే తోలు పగులుతుంది, కాబట్టి జెల్ కొద్దికొద్దిగా వేస్తూ మీటరు చూసుకోండి. లోపల న్యూస్‌పేపర్ కుక్కకండి, దాని ఆమ్లం తోలుకి పడదు. ఉతికిన రంగులేని నూలుగుడ్డ పెట్టండి. నాఫ్తలీన్ ఉండలూ వద్దు. తాకితే ఎర్రటి పొడి రాలుతోందంటే తోలే కుళ్లుతోంది. దాన్ని వెనక్కి తేలేం. చేతులు పెట్టకుండా మ్యూజియం వస్తువులను కాపాడే నిపుణులకు చూపించండి.

ప్ర: 1940ల నాటి ప్లాస్టిక్ హెల్మెట్ డబ్బా తెరిస్తే వెనిగర్ వాసన వేస్తోంది. ఏం చేయాలి?
– ఆర్.ఎం., ఎడిసన్, న్యూజెర్సీ

జ: రిడెల్ కంపెనీ 1939లో తెచ్చిన తొలితరం ప్లాస్టిక్ హెల్మెట్లు పెళుసు. పగిలిపోతున్నాయని ఎన్.ఎఫ్.ఎల్. 1948లో వాటిని నిషేధించి, మర్నాడే అన్నట్టు 1949లో మళ్లీ ఒప్పుకుంది. సెల్యులోజ్‌తో చేసిన ప్లాస్టిక్ కుళ్లేటప్పుడు ఈ వాసన వస్తుంది. ఆ ఆవిరి పక్కనున్న లోహాన్నీ తోలునీ తినేస్తుంది. మూసిన డబ్బాలోంచి తీసి, గాలి ఆడే చల్లటి చోట విడిగా పెట్టండి. అసిటోన్, థిన్నర్, స్పిరిట్ ఏవీ తగలనివ్వకండి. పగుళ్లకి ఫెవిక్విక్ వేయకండి.

ప్ర: లోపలి గుడ్డ పట్టీలు చివికిపోయాయి. కొత్తవి కుట్టించనా?
– పి.ఎస్., హైదరాబాద్

జ: వద్దు. చివికినవే విలువ. తెగి వేలాడుతుంటే కింద గుడ్డ బంతి ఆసరా పెట్టండి. తల మీద మాత్రం పెట్టుకోకండి.