పాస్‌వర్డ్ చెప్పినంత మాత్రాన ఫొటోలు ఇచ్చినట్టేనా?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. పగిలిన డిస్‌ప్లే మార్పించడానికి ఫోన్‌ను ఒక దుకాణంలో ఇచ్చి, అడిగితే పాస్‌వర్డ్ చెప్పాను. తెచ్చుకున్నాక చూస్తే, ఫోన్ వాళ్ల దగ్గరున్నప్పుడే నా వ్యక్తిగత ఫొటోలు పద్నాలుగు తెలియని నంబరుకు వాట్సాప్‌లో వెళ్లి ఉన్నాయి. నిలదీస్తే, ‘పాస్‌వర్డ్ మీరే చెప్పారుగా’ అంటున్నారు. ఆ ఫొటోలపై హక్కు నాది కాదా?

జవాబు: సున్నాలు వేసేవారికి ఇంటి తాళం ఇచ్చినవారు బీరువా తెరవమన్నట్టు కాదు. కొత్త డిస్‌ప్లే పనిచేస్తున్నదో లేదో చూసుకోవడానికి మీరిచ్చిన అనుమతి గ్యాలరీకి వర్తించదు.

‘డేటాకు యజమాని’ ఎవరన్న దానికి మన చట్టాల్లో సూటి జవాబు లేదు. మీరు స్వయంగా తీసిన ఫొటోకు కాపీరైటు మీదే. మిమ్మల్ని వేరొకరు తీస్తే సాధారణంగా అది తీసినవారిది. అయితే మీ కేసు ఈ చర్చ మీద ఆధారపడదు. కంప్యూటరు యజమాని అనుమతి లేకుండా అందులోని డేటాను కాపీ చేసినవారు నష్టపరిహారం చెల్లించాలని సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43వ సెక్షన్ చెబుతోంది. సెల్‌ఫోన్ కూడా ఈ చట్టం కింద కంప్యూటరేనని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2005లోనే తేల్చింది. 5 కోట్ల రూపాయల వరకు పరిహారం కోరే దరఖాస్తులను, న్యాయ నిర్ణయాధికారి హోదాలో రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి విచారిస్తారు.

క్రిమినల్ కేసు సంగతి వేరు. 66వ సెక్షన్ కింద 3 సంవత్సరాల వరకు జైలు పడవచ్చు గాని, నిందితుడిది దురుద్దేశమో మోసబుద్ధో అని రుజువు కావాలి. ఎదుటి పక్షం న్యాయవాది పట్టుకునేది అక్కడే. ఆ నంబరు మూడో మనిషిదైతే, సేవ పేరుతో చేతికందిన వ్యక్తిగత సమాచారాన్ని నష్టం కలిగించేలా బయటపెట్టినందుకు 72-ఎ సెక్షన్ కూడా వర్తించే అవకాశం ఉంది. కాబట్టి అది ఎవరి నంబరో తేలడం ముఖ్యం. ఆ పని పోలీసులకు వదిలిపెట్టండి.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం గురించి కూడా మీరు వినే ఉంటారు. దాని కింద విధించే జరిమానా ప్రభుత్వానికి చేరుతుంది, మీకు కాదు. అందుకే మీకు ఆ దారి సూచించడం లేదు.

కోపంలో ఆ చాట్‌ను తుడిచేయకండి, ఫోన్‌ను రీసెట్ చేయకండి. స్క్రీన్‌షాట్లను కోర్టులో దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. సమాచార సాంకేతిక చట్టం కింద నేరాలను దర్యాప్తు చేసేది ఇన్‌స్పెక్టరు లేదా అంతకు పై అధికారి గనుక, ఫిర్యాదుతో నేరుగా వారినే కలవండి. వెళ్లేటప్పుడు మరమ్మతు రసీదు తీసుకెళ్లండి: ఫోన్ ఎప్పటినుంచి ఎప్పటివరకు ఆ దుకాణంలో ఉందో చూపేది ఆ కాగితమే.