1.7 కిలోల బిడ్డను తల్లి గుండెల మీదే ఉంచమన్నారు, ఇది సరైన వైద్యమేనా?

మీరు అడిగింది ఇదీ: చెల్లెలికి 34 వారాలకే కాన్పయింది, బాబు తూకం 1.7 కిలోలు, ఊపిరి బాగానే ఉంది. మిషన్ ఆసుపత్రి వాళ్ళు బిడ్డను వెచ్చగా ఉంచే పెట్టెలో (ఇన్‌క్యుబేటర్‌లో) పెట్టకుండా తల్లి గుండెల మీద కట్టి ఉంచమంటున్నారు. పరికరాలు లేకే ఇలా చేస్తున్నారా, పెద్దాసుపత్రికి మార్చాలా అని.

బాబు ఊపిరి ఇలాగే బాగుండి, పాలు మింగుతున్నంతవరకు మార్చాల్సిన పని లేదండీ. మిషన్ ఆసుపత్రి తల్లీపిల్లల వార్డులో నర్సుగా చేసిన అనుభవంతో చెబుతున్నాను. దీన్ని కంగారూ మదర్ కేర్ అంటారు. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇన్‌క్యుబేటర్లు చాలక మొదలైన మాట నిజమే. కానీ ఇప్పుడది పరికరాల కొరత వల్ల చేసే వైద్యం కాదు. మన దేశంతో సహా ఐదు దేశాల్లో 1 కిలో నుంచి 1.8 కిలోల లోపు బిడ్డలను పుట్టిన వెంటనే ఇలా ఉంచి చూస్తే, మొదటి 28 రోజుల్లో మరణాలు నాలుగో వంతు తగ్గాయి. ఆ ఫలితాలు 2021లో వచ్చాయి. ఇక తల్లీపిల్లల వైద్యం మిషన్ ఆసుపత్రులకు కొత్తేమీ కాదు. గుంటూరులో అమెరికా మిషనరీ డాక్టరు అన్నా కుగ్లర్ 1898లో తెరిచిన ఆసుపత్రి ఆడవాళ్ళ కోసం, పిల్లల కోసమే.

ఫలితమంతా ఎన్ని గంటలు ఉంచారు, ఎలా కట్టారు అన్నదాని మీదే ఉంటుంది. రోజుకు కనీసం 8 గంటలు, వీలైతే 20 గంటల దాకా. ఒకసారి పెట్టాక గంటకు తక్కువ కాకుండా ఉంచాలి. మాటిమాటికీ తీసి పెడితే బిడ్డ అలిసిపోతాడు. బాబుకు టోపీ, మేజోళ్ళు, లంగోటీ తప్ప ఏమీ ఉండకూడదు. తల్లి జాకెట్టు ముందు వైపు పూర్తిగా తెరిచి ఉండాలి. సిగ్గుతోనో, చలేస్తుందనో మధ్యలో పలచటి గుడ్డ వేస్తారు, అక్కడే వేడి ఆగిపోతుంది. చర్మానికి చర్మం తగలాలి.

రొమ్ముల మధ్య బాబును నిలువుగా, కాళ్ళు కప్పకాళ్ళలా విడిగా మడిచి ఉంచండి. తల ఒక పక్కకు తిప్పి, గడ్డం కొంచెం పైకి ఉండాలి. తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనిందంటే గాలి దారి మూసుకుంటుంది, పెదాలు నీలంగా మారతాయి. అన్నిటికంటే ఎక్కువగా చూసుకోవాల్సింది ఇదే. కట్టే గుడ్డ పై అంచు చెవి కింది దాకా రావాలి, పొట్ట దగ్గర మాత్రం వదులుగా ఉండాలి. నెలలు నిండని బిడ్డ పొట్ట ఎగరేస్తూ ఊపిరి తీస్తాడు, బిగిస్తే ఆ కదలిక ఆగుతుంది. తల్లి వెల్లకిలా పడుకోకుండా, వీపు వెనక దిళ్ళు పెట్టుకుని వాలి ఉండాలి. ఆపరేషన్ అయిన తల్లి కూడా చేయొచ్చు. ఆమె స్నానానికో భోజనానికో వెళ్ళినప్పుడు తండ్రి, అమ్మమ్మ, మీరు, ఎవరైనా చేతులు శుభ్రంగా కడుక్కుని తీసుకోవచ్చు. దగ్గు, జలుబు ఉన్నవాళ్ళు వద్దు.

పాల సంగతి. 34 వారాల బిడ్డ చీకుతాడు గానీ తొందరగా అలసిపోతాడు. ముందు రొమ్ముకు పెట్టి, మిగతాది పిండిన పాలు ఉగ్గుగిన్నెతో పట్టండి. మొదటి వారం మెల్లగా పెంచుతూ పోతారు. వారం దాటాక కిలోకు రోజుకు సుమారు 150 మిల్లీలీటర్లు, అంటే మీ బాబుకు రెండు గంటలకోసారి 20 మిల్లీలీటర్లు పైచిలుకు. గిన్నె మూతిని కింది పెదవి మూలకు ఆనించి, చుక్క చుక్కగా వదిలి, మింగాకే మళ్ళీ వంచాలి. పోసేస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గిన్నెను ప్రతిసారీ సబ్బుతో కడిగి, 10 నిమిషాలు నీళ్ళలో మరిగించాలి. పాలు పిండటం రాత్రిళ్ళు కూడా ఆపకూడదు, రోజుకు 8 సార్లైనా కావాలి. మొదట రెండు మూడు రోజులు చుక్కలే పడతాయి. అది చూసి 'పాలు పడలేదు' అంటూ డబ్బాపాలు కొంటారు, దయచేసి వద్దు. బాలింతకు నీళ్ళు తక్కువివ్వడం, పథ్యం పేరుతో కారప్పొడి అన్నంతో సరిపెట్టడం కూడా మానండి. ఆమెకు పప్పు, గుడ్డు, పాలు, దాహమేసినన్ని నీళ్ళు కావాలి.

ఇంటికి తెచ్చాక 2.5 కిలోలు వచ్చేదాకా, లేదా బాబు తనే గింజుకుని ఇక వద్దనేదాకా ఇలాగే కొనసాగించండి. ఈలోగా తలస్నానాలు పోయొద్దు, గోరువెచ్చని తడిగుడ్డతో తుడిస్తే చాలు. సాంబ్రాణి పొగ, ముక్కులో నూనె, వసకొమ్ము, తేనె, ఇవేవీ వద్దు. పాదాలు చల్లగా, పొట్ట వెచ్చగా ఉంటే వెంటనే గుండెలకు హత్తుకోండి. రెండూ చల్లబడినా, నిమిషానికి 60 లేదా అంతకు మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు మానేసినా, అరచేతులు, అరికాళ్ళు పచ్చబడినా గుండెల మీద ఉంచుకునే ఆసుపత్రికి బయలుదేరండి.

తూకం మొదటి వారంలో కొంత తగ్గుతుంది, కంగారు పడొద్దు. రెండో వారం తర్వాత రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. బిల్లు కష్టమైతే డిశ్చార్జికి ముందే రాయితీ సంగతి అడగండి, చాలా మిషన్ ఆసుపత్రుల్లో ఆ వెసులుబాటు ఉంటుంది. ఇంకొకటి, 2 కిలోల లోపు పుట్టిన బిడ్డకు 30 రోజుల లోపు కంటి రెటీనా (కంటి లోపలి వెనక పొర) పరీక్ష తప్పనిసరి. పైకి కళ్ళు బాగానే కనిపిస్తాయి కాబట్టి ఇళ్ళలో దీన్ని మరిచిపోతారు. ఆలస్యమైతే చూపు తిరిగి రాకపోవచ్చు. ఆ తేదీ డిశ్చార్జి కార్డు మీద రాయించుకున్నాకే ఇంటికి రండి.