ఆదివారం ఒక్కటే ఖాళీ ఉన్నవాళ్ళ ప్రేమ

అమ్మాయీ,

నీ కథ చదివాను. బట్టల షాపులో పనిచేసే అమ్మాయి, ఆటో నడిపే అబ్బాయి, బాగానే మొదలుపెట్టావు. నాలుగో పేజీకి వచ్చేసరికి ఓనరు కొడుకు విలన్ అయిపోయాడు, చివర్లో జోరువాన, యాక్సిడెంట్. రెక్కాడితేగానీ డొక్కాడనివాళ్ళ ప్రేమ ఒక్కటే కథకు సరిపోదేమో అని నీకు టెన్షన్ పట్టుకున్నట్టుంది. సరిపోతుందమ్మా. నా మాట మీద నమ్మొద్దు, ఒక సినిమా చూసి నమ్ము.

'మెన్షెన్ ఆమ్ జోన్‌టాగ్', అంటే 'ఆదివారం నాటి మనుషులు'. జర్మన్ మూకీ, 1929 వేసవిలో బెర్లిన్‌లో తీశారు, 1930 ఫిబ్రవరిలో విడుదలైంది. రాబర్ట్ సియోడ్మాక్, ఎడ్గార్ ఉల్మర్ దర్శకులు. స్క్రిప్టు రాసిన బిల్లీ వైల్డర్ తర్వాత హాలీవుడ్‌ని ఏలాడు గానీ అప్పటికి అతనికి 23 ఏళ్ళే, ఇంచుమించు నీ వయసు. డబ్బుల్లేవు, పేరున్న నటులు లేరు. నిజంగా టాక్సీ నడిపే ఎర్విన్ టాక్సీ డ్రైవర్‌గానే కనిపిస్తాడు, గ్రామఫోన్ రికార్డులు అమ్మే బ్రిగిట్టె తన సొంత పేరుతో తనలాగే కనిపిస్తుంది. ఆమెను పరిచయం చేసేటప్పుడు అందగత్తె అనో పేదపిల్ల అనో చెప్పరు, పోయిన నెల ఒకే పాట రికార్డులు 150 అమ్మింది అంటారు. నీ కథలో నాయిక కళ్ళ గురించి ఒక పేరా ఉంది. రోజుకి ఎన్ని చీరలు విప్పి చూపించి మళ్ళీ మడత పెడుతుందో ఒక్క ముక్క కూడా లేదు.

కథ చూడు ఎంత చిన్నదో. శనివారం జూ రైల్వే స్టేషన్ దగ్గర వోల్ఫ్‌గాంగ్ అనే కుర్రాడు క్రిస్టెల్ అనే అమ్మాయితో మాట కలుపుతాడు, మర్నాడు సరస్సుకి వెళ్దామనుకుంటారు. ఆమె వెంట బ్రిగిట్టె వస్తుంది, అతని వెంట ఎర్విన్. ఎర్విన్ భార్య పేరు ఆనీ, ఆమె కూడా రావాల్సిందే, కానీ ముందురోజు రాత్రి ఆమె టోపీ అంచు పైకి ఉండాలా కిందికి ఉండాలా అన్నదాని మీద మొగుడూపెళ్ళాలు పోట్లాడుకున్నారు. ఒకరికి ఇష్టమైన సినిమా తారల ఫొటోలు ఇంకొకరు గోడ మీంచి పీకి చింపేసేదాకా వెళ్ళింది వ్యవహారం. ఆ సీను మాత్రం నువ్వు ఆపి ఆపి చూడాలి. వారమంతా పనిచేసి అలిసిపోయి, ఇరుకు గదిలో ఒకరి మీద ఒకరికి ఉన్న విసుగంతా ఆ టోపీ మీద పడింది. డబ్బుల్లేవనీ, జీవితం ఇంతేననీ ఒక్కరు కూడా అనరు. మర్నాడు ఆనీ రోజంతా నిద్రపోతుంది. వారానికి ఒక్కటే సెలవు, అదీ పోయింది.

అక్కడ సరస్సు దగ్గర వోల్ఫ్‌గాంగ్ ముద్దు పెట్టుకోబోతే క్రిస్టెల్ ఒప్పుకోదు, అతను బ్రిగిట్టె వైపు మళ్ళుతాడు. ఇద్దరూ అడవిలోకి వెళ్తారు. కెమెరా వాళ్ళని వదిలేసి చెట్ల కొమ్మల మీదుగా పైకి పోయి, కిందికి దిగి, జనం పారేసిన చెత్తకుప్ప మీదుగా మళ్ళీ వాళ్ళ దగ్గరికి వస్తుంది. ఆ చెత్త చూపించడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించు! ప్రేమని వెక్కిరించడానికి పెట్టింది కాదు అది. ఆదివారం ఊరంతా వచ్చే చోట వాళ్ళకి దొరికిన ఏకాంతం అంతవరకే.

సాయంత్రం విడిపోయేటప్పుడు వచ్చే ఆదివారం కలుద్దామని బ్రిగిట్టె ఆశపడుతుంది. వోల్ఫ్‌గాంగ్‌కి ఎర్విన్‌తో ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంది. ఆ పిల్లకి జరిగిన అన్యాయం అంతే, దానికి ఏడుపులూ పెడబొబ్బలూ లేవు, సోమవారం పొద్దున్నే అందరూ పనిలోకి పోవాలి. నాకైతే నీ యాక్సిడెంట్ కన్నా ఆ మ్యాచ్చే ఎక్కువ బాధపెట్టింది.

ఓనరు కొడుకుని తీసెయ్. వానా వద్దు. ఆ షాపుకి పండగల సీజన్‌లో సెలవు ఇస్తారా, లంచ్‌కి ఎంతసేపు వదుల్తారు, పగలంతా కూర్చోనిస్తారా లేదా, ఇవన్నీ అక్కడ పనిచేసే అమ్మాయిల్ని అడిగి తెలుసుకో. ఆటో అబ్బాయికి మంచి గిరాకీ దొరికే రోజే ఆ పిల్లకి సెలవైతే ఏం చేస్తారో అక్కణ్ణుంచి రాయడం మొదలుపెట్టు. మొదటి రెండు పేజీలు అలాగే ఉంచు, అవి బాగున్నాయి. మిగతాది రాశాక పంపు, వెంటనే చదువుతాను.