పాత ఇంజను బాగు చేయించాలా, వ్యాపారి అడ్వాన్సుతో కొత్తది కొనాలా?

ప్రశ్న: మాది గంజాం జిల్లాలో గోపాల్‌పూర్ దగ్గర తెలుగు మత్స్యకారుల ఊరు. మా ఆయన, మరిది ఫైబర్ పడవ మీద వేటకు వెళ్తారు. చేపలు నేను బరంపురం తీసుకెళ్లి అమ్ముతాను. ఏడాదికి 150 రోజులు వేట, రోజుకు సగటున 30 కిలోలు. ఏడేళ్ల నాటి ఇంజను వేడెక్కి ఆగిపోతోంది. పోయిన ఏడాది దానికి 12,000 పెట్టాం. ఇప్పుడు బాగుచేయడానికి 34,000 అంటున్నారు. కొత్తది 1,40,000, పాతది ఇస్తే 15,000 తగ్గిస్తారు. తెరచాప కూడా పాత కుట్ల పక్కనే మళ్లీ చిరిగింది. అతుకుకు 2,500, కొత్తదానికి 9,000. చేతిలో 85,000 ఉంది. ఇంటి ఖర్చు నెలకు 12,000. జూన్‌లో అమ్మాయి ఫీజు 20,000 కట్టాలి. ఒక చేపల వ్యాపారి లక్ష రూపాయలు వడ్డీ లేకుండా ఇస్తానంటున్నాడు. బాకీ తీరేదాకా చేపలన్నీ కిలోకు పది రూపాయలు తక్కువకు ఆయనకే వేయాలి. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ వడ్డీ లేని లక్ష సంగతి తేల్చుకుందాం. రోజుకు 30 కిలోల చొప్పున 150 రోజులకు 4,500 కిలోలు. కిలోకు పది రూపాయలంటే ఏడాదికి 45,000. ఇంత ఇచ్చినా అసలు లక్ష అలాగే ఉంటుంది. ఇది నెలకు నూటికి మూడు రూపాయల ముప్పావలా వడ్డీ. ఊళ్లో ఎవరైనా ఆ వడ్డీ అడిగితే మీరు గుమ్మంలోనే వద్దని పంపేస్తారు. పైగా బరంపురంలో ధర పలికిన రోజున కూడా సరుకు మీ చేతిలో ఉండదు. ఇన్నేళ్లుగా మీరు సంపాదించుకున్న బేరం, ఖాతాదారులు, తూకం అన్నీ పోతాయి. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది అదే. తప్పనిసరై అప్పు చేయాల్సి వస్తే బ్యాంకులో బంగారం పెట్టినా ఇంతకంటే ఎంతో మేలు.

ఇక ఇంజను. పాతది ఇచ్చి కొత్తది తెస్తే చేతి నుంచి పడేది 1,25,000. అదీ ఏడేళ్లు వస్తే ఏడాదికి దాదాపు 18,000 పడుతుంది. మరమ్మతుకు 34,000 పెట్టి రెండేళ్లు నడిస్తే ఏడాదికి 17,000. అంటే రెండేళ్లు నడుస్తుందా లేదా అన్నదే అసలు ప్రశ్న. పోయిన ఏడాది పెట్టిన 12,000 ఈ లెక్కలోకి రాదు. అంత పెట్టాం కదా అని మరికొంత పెట్టడం, అంత తినేసింది కదా అని కోపంతో అమ్మేయడం, రెండూ వద్దు.

ఆ ప్రశ్నకు జవాబు మెకానిక్ మాటలో కాదు, కొలతలో దొరుకుతుంది. ప్లగ్గులు విప్పించి ప్రతి సిలిండర్‌లో కంప్రెషన్, అంటే లోపలి ఒత్తిడి, కొలిపించండి. అప్పుడు మీవారిని పక్కనే ఉండమనండి. అన్నిటిలోనూ ఒత్తిడి తగినంత ఉండి, సిలిండర్ల మధ్య తేడా పది శాతం లోపు ఉంటే ఇంజను గుండె బాగున్నట్టే. వేడెక్కడానికి చాలాసార్లు కారణం నీళ్ల పంపులోని రబ్బరు చక్రం అరగడం, లేదా నీటి దారుల్లో ఉప్పు పేరుకోవడం. అది చిన్న ఖర్చు. కాబట్టి 34,000 దేనికెంతో విడివిడిగా రాయించుకోండి, తగ్గవచ్చు కూడా. ఒక సిలిండర్ బాగా పడిపోయి, లోపల గీతలు, తుప్పు కనిపిస్తే మాత్రం ఒక్క రూపాయి పెట్టవద్దు. పడవ వెనక ఇంజను బిగించే పలకను కూడా సుత్తి పిడితో తట్టి చూడమనండి. ఫైబర్ లోపల చెక్క నాని ఉంటే శబ్దం మొద్దుగా వస్తుంది. ఆ పలక మెత్తబడితే దాని మీద ఏ ఇంజనూ నిలవదు.

తెరచాప విషయంలో నాకు సందేహం లేదు, కొత్తది కుట్టించండి. పాత కుట్ల పక్కనే చిరిగిందంటే దారం కాదు, ఎండకు గుడ్డే చివికింది. అతుకు వేస్తే సూది రంధ్రాల వెంటే మళ్లీ చీలుతుంది. అప్పుడు 2,500 పోతుంది, 9,000 ఖర్చూ తప్పదు. నడిసముద్రంలో ఇంజను ఆగితే ఇద్దరినీ ఒడ్డుకు తెచ్చేది ఆ చాపే. ఎండకు పొడి రాలుతున్న తాళ్లు కూడా మార్చేయండి. వాటికి 3,000 అనుకుందాం.

కంప్రెషన్ బాగుందని తేలితే మరమ్మతు, తెరచాప, తాళ్లు కలిపి మొత్తం 46,000. మీ 85,000లో అమ్మాయి ఫీజు 20,000 పక్కన పెట్టండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధ కాలం కాబట్టి రెండు నెలల ఇంటి ఖర్చు 24,000 కూడా తీయండి. మిగిలేది 41,000. తక్కువ పడే 5,000 మీ మహిళా సంఘంలో తీసుకుంటే సరిపోతుంది. తెరచాప కుట్టమని ఇప్పుడే చెప్పండి. ఇంజనును మాత్రం నిషేధం మొదలైన వారంలోనే బాగుకు ఇవ్వండి. జూన్ దాకా ఆగితే ఊరంతా మెకానిక్ దగ్గరే ఉంటుంది.

వేట మొదలయ్యాక పడవకు వచ్చే వాటాలోంచి రోజుకు 400 తీసి విడి ఖాతాలో వేయండి. ఇంట్లోకి డబ్బు రాకముందే తీయాలి. రెండేళ్లకు 1,20,000 అవుతుంది, కొత్త ఇంజను దాదాపు వచ్చేసినట్టే. పెట్రోలు, మంచు ఖర్చులకు కిసాన్ క్రెడిట్ కార్డు అడగండి. 2018-19 నుంచి అది మత్స్యకారులకూ ఇస్తున్నారు. 2 లక్షల వరకు 7 శాతం వడ్డీ, గడువులోగా కడితే 4 శాతమే పడుతుంది. అది రోజువారీ వేట ఖర్చులకే, ఇంజను కొనడానికి కాదు. కంప్రెషన్ బాగాలేదని తేలితే ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద కొత్త ఇంజనుకు మీ పేరున దరఖాస్తు తీసుకుంటారేమో జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో కనుక్కోండి. ఆ పథకంలో మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం వరకు, మిగతావారికి 40 శాతం వరకు రాయితీ పెట్టారు. డబ్బు చేతికి వచ్చేదాకా మాత్రం దాన్ని లెక్కలో వేయకండి.

వ్యాపారితో తగవు పెట్టుకోవద్దు. ఈ ఏడాదికి అడ్వాన్సు అక్కరలేదని మర్యాదగా చెప్పండి. బరంపురం ధర ఇచ్చిన రోజున ఆయనకూ చేపలు వేయండి.