థోరియం ఉండగా సోడియం ఎందుకు?

ప్రశ్న: మా తీరం ఇసుకలోని మోనజైట్‌లో థోరియం ఉందంటారు కదా. మరి కరిగిన ఉప్పుతో నడిచే థోరియం రియాక్టర్ కట్టకుండా, కల్పాక్కంలో సోడియం రియాక్టర్‌నే ఎందుకు పట్టుకున్నారు?
– ఒక విద్యార్థి, భీమిలి

జవాబు: రియాక్టర్‌ను ఎంచుకునేటప్పుడు ముందు తేలాల్సింది మొదటి లోడు ఇంధనం ఎక్కడి నుంచి వస్తుందన్నది. థోరియం-232 తనంతట తాను శక్తినివ్వదు. న్యూట్రాన్‌ను మింగి, 27 రోజుల అర్ధాయువున్న ప్రొటాక్టీనియం-233 మీదుగా యురేనియం-233గా మారాలి. ఆ న్యూట్రాన్లు యురేనియం-235 అయినా ఇవ్వాలి, ప్లుటోనియమైనా ఇవ్వాలి. సహజ యురేనియంలో 235 వాటా 0.7 శాతమే. అందుకే హోమీ భాభా మూడంచెల వరస పెట్టారు: భారజల రియాక్టర్లలో వాడేసిన ఇంధనం నుంచి ప్లుటోనియం తీయడం, దాన్ని ఫాస్ట్ రియాక్టర్లలో పెంచడం, ఆ తర్వాత థోరియం.

ఫాస్ట్ రియాక్టర్‌లో న్యూట్రాన్ల వేగం తగ్గకూడదు. రియాక్టర్ వేడిని బయటికి మోసుకొచ్చే ద్రవంగా (కూలెంట్‌గా) నీళ్లు వాడితే ఆ వేగాన్ని తగ్గించేస్తాయి, కరిగిన సోడియం పెద్దగా తగ్గించదు. పైగా అది 98 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగి, 883 దగ్గర గానీ మరగదు. కల్పాక్కంలోని 500 మెగావాట్ల రియాక్టర్‌లో కోర్ (ఇంధనం ఉండే నడిభాగం) నుంచి 547 డిగ్రీల వేడితో బయటికొచ్చే సోడియానికి అధిక పీడనం అక్కర్లేదు. ఇది చాలా పెద్ద సుగుణం.

చిక్కంతా సోడియం వేడితో నీటిని ఆవిరిగా మార్చే స్టీమ్ జనరేటర్‌లోనే. గొట్టం గోడకు ఒకవైపు సోడియం, మరోవైపు సుమారు 170 బార్ పీడనంలో నీరు, ఆవిరి. సూదిమొనంత రంధ్రం పడినా చాలు, నీరు సోడియంలోకి చిమ్ముతుంది. హైడ్రోజన్, కాస్టిక్ సోడా పుట్టి, ఆ ధార పక్క గొట్టాన్నీ తినేస్తుంది. అందుకే కోర్ గుండా వెళ్లి రేడియోధార్మికమైన సోడియానికీ ఆవిరికీ నడుమ మరో సోడియం వలయం పెడతారు. అందులో హైడ్రోజన్ పెరుగుదలను పసిగట్టే మీటర్లుంటాయి. రష్యాలోని సోడియం రియాక్టర్ బీఎన్-600కు తొలి ఏళ్లలో ఇలాంటి లీకులు వచ్చాయి. స్టీమ్ జనరేటర్‌ను విడివిడి మాడ్యూళ్లుగా కట్టారు కాబట్టి, చెడినదాన్ని మూసేసి మిగతావి నడిపారు. 1980 నుంచి అది నడుస్తూనే ఉంది. జపాన్‌లోని మోంజు సోడియం రియాక్టర్‌లో 1995లో ఉష్ణోగ్రత కొలిచే సాధనం తొడుగు సోడియం ప్రవాహపు కంపనాలకు విరిగి, రెండో వలయంలోని సోడియం కారింది. 2010 దాకా అది మళ్లీ మొదలవలేదు, 2016లో మూసివేతకు నిర్ణయించారు. ఒకే కూలెంట్, రెండు గతులు. టెక్నాలజీ పేరు కన్నా ఇలాంటి భాగాల డిజైనే భవితవ్యం తేలుస్తుందని మా నమ్మకం.

ఇంధనాన్ని కరిగిన ఉప్పులోనే కలిపి నడిపే ఉప్పు రియాక్టర్ అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో 1965 నుంచి 1969 వరకు నడిచింది. అయితే దాని ఇంధన లవణంలో థోరియం కలపలేదు. విచ్ఛిత్తిలో పుట్టిన టెల్లూరియం వల్ల నికెల్ మిశ్రలోహం పైపొరలో పగుళ్లొచ్చాయి. లిథియం ఉప్పు వాడాలంటే లిథియం-6ను దాదాపు పూర్తిగా తీసేయాలి. లేకుంటే న్యూట్రాన్లు వృథా కావడమే కాక, వేడి లోహం గుండా జారిపోయే ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) పెరుగుతుంది. ఇంధనం పోయకముందే ఉత్తి ఉప్పు వలయంలో లోహపు నమూనాలను వేల గంటలు పరీక్షించాలి. ఆ పని మనం ఇప్పుడే చేయాలి, సోడియం పని ఆపకుండా.

ప్రశ్న: చైనాలో నడుస్తున్న హీలియం రియాక్టర్ మనకు పనికొస్తుందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: వేడి కోసమైతే పనికొస్తుంది. షిదావ్ బే కేంద్రంలో హీలియం 750 డిగ్రీలకు చేరుతుంది, రసాయన పరిశ్రమలకు అది విలువైన వేడి. కానీ దానికి శుద్ధి చేసి 235 వాటా పెంచిన యురేనియం కావాలి, ప్లుటోనియాన్ని పెంచే పని అది చేయదు.