నాన్నగారి ఫొటోలు, నోటుపుస్తకాలు: విడదీయాలా, ఉన్నట్టే ఉంచాలా?

ప్రశ్న: మా నాన్నగారు పాత ఆదిలాబాద్ జిల్లాలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ, సెలవుల్లో గోండు గూడేలు తిరిగి పండుగల ఫొటోలు తీసేవారు, చూసినవీ విన్నవీ రాసుకునేవారు. ఆయన పోయాక మూడు ట్రంకుపెట్టెల నిండా ఫొటోలు, నెగెటివులు, నోటుపుస్తకాలు మిగిలాయి. పండుగలు ఒకచోట, ఇళ్లు ఒకచోట, మనుషులు ఒకచోట వచ్చేలా వేరుచేసి ఆల్బములు చేయాలనుకుంటున్నాను. ఇది సరైన పద్ధతేనా?
– ఒక పాఠకురాలు, నిర్మల్

జవాబు: దయచేసి ఇప్పుడే వేరుచేయకండి. ఏ కవరులో ఏ ఫొటోలు ఉన్నాయో, ఆ కవరు ఏ నోటుపుస్తకంలో దొరికిందో, అదంతా మీ నాన్నగారు మాటల్లో రాయకుండా వదిలివెళ్లిన సమాచారమే. ఆ వరుస ఒకసారి చెదిరితే తిరిగి రాబట్టడం ఎవరి తరమూ కాదు. పెట్టె తెరవగానే లోపల ఉన్నది ఉన్నట్టుగా పైనుంచి ఒక ఫొటో తీసి, ఆ తర్వాతే వస్తువులను బయటికి తీయండి.

ఒక ఉదాహరణ చెబుతాను. తెల్లబట్టలు కట్టుకున్న కొందరు కాలిబాటన వరుసగా నడిచిపోతున్న ఫొటో మీకు దొరికిందనుకోండి. మీ పద్ధతిలో అది ‘మనుషులు’ అనే ఆల్బములోకి వెళ్తుంది. అదే కవరుతో ఉన్న నోటుపుస్తకం చదివితే, వారు కెస్లాపూర్‌లో గోండుల సర్పదేవత నాగోబా పూజ కోసం జన్నారం దగ్గరి హస్తినమడుగు నుంచి గోదావరి జలం తెస్తున్న, గోండులలోని మెస్రం వంశస్థులని తెలియవచ్చు. ఫొటోకు ప్రాణం పోసేది ఆ పేజీయే కనుక, ఆ రెండింటినీ కలిపే సంఖ్య ఒకటి ఇవ్వడమే మీరు చేయవలసిన అసలు పని.

రెండో పెట్టె, పద్నాలుగో కవరు, ఏడో ఫొటో అయితే ‘2-14-07’ అని సంఖ్య వేయండి. ఫొటో వెనక అంచున, మెత్తని పెన్సిలుతో, నొక్కకుండా రాయాలి. బాల్‌పెన్నుతో రాస్తే అచ్చు ముందువైపుకు తేలుతుంది. ప్లాస్టిక్ పూత ఉన్న రంగుల ఫొటోలపై పెన్సిలు పట్టదు కాబట్టి, అలాంటివాటికీ నెగెటివులకూ కాగితపు కవరు మీద, లోపల ఏమీ పెట్టకముందే రాసుకోండి. తర్వాత ఒక రిజిస్టరులో ఆ సంఖ్య ఎదురుగా ఊరు, తేదీ, ఫొటోలో కనిపిస్తున్నది, నోటుపుస్తకం పేజీ రాయండి. ‘గిరిజన నృత్యం’ అని రాస్తే రేపు ఎవరికీ ఉపయోగపడదు. ‘దండారి, గుస్సాడీ వేషంలో ఇద్దరు, ఫలానా గూడెం’ అని రాస్తే పనికొస్తుంది. మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1940లలో ఇదే ప్రాంతంలో తీసిన ఫొటోలు లండన్‌లోని సోయస్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. మీ నాన్నగారి ఫొటోలను వాటి పక్కన పెట్టి చూడదలచిన పరిశోధకుడు మొదట అడిగేది ఊరూ, తేదీయే.

తేదీల విషయంలో మరికొంత జాగ్రత్త అవసరం. నోటుపుస్తకంలో ‘పుష్య అమావాస్య’ అని మాత్రమే ఉంటే ఆ మాటనే రాసి, ఆ ఏటి పంచాంగం చూసి తేల్చిన తేదీని చదరపు బ్రాకెట్లలో పెట్టండి; బ్రాకెట్లలో ఉన్నది మీరు చేర్చినదని చదివేవారికి తెలుస్తుంది. జిల్లాల పేర్లకూ ఇదే పద్ధతి. 2016 అక్టోబరు 11న ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది. ఇప్పుడు జన్నారం మంచిర్యాల జిల్లాలో, కెస్లాపూర్ ఆదిలాబాద్‌లో ఉన్నాయి. మీ నాన్నగారు రాసిన పేరును కొట్టేయకుండా, నేటి పేరును దాని పక్కన చేర్చండి.

ఫొటోలలోని వారి పేర్లు తెలియకపోతే, కాపీలు తీసుకుని ఆ గూడేలకు వెళ్లండి. నా దృష్టిలో ఈ పనిలో అన్నిటికన్నా తొందరగా చేయవలసింది ఇదే, ఎందుకంటే గుర్తుపట్టగల పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు. పేరుతో పాటు అది ఎవరు చెప్పారో, ఏ రోజున చెప్పారో కూడా రాయండి. పూజకు సంబంధించిన ఫొటోలను పదిమందికీ చూపవచ్చా అని వారినే అడిగి, వద్దన్నవాటిని వేరుగా గుర్తు పెట్టండి.

జెమ్‌క్లిప్పులు, రబ్బరుబ్యాండ్లు తీసేయండి, కలరా ఉండలు వేయకండి. పుల్లటి వాసన వస్తున్న నెగెటివులు పాడవడం మొదలైనట్టే కనుక, వాటిని మిగతావాటికి దూరంగా ఉంచి ముందుగా స్కాన్ చేయించండి.

ప్రశ్న: పాత ఫొటోలను ఫోనుతో తీసి వాట్సాప్‌లో కుటుంబ సభ్యులకు పంపి ఉంచాను. భద్రపరచడానికి ఇది చాలదా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: చాలదండీ. మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటోను కుదించి చిన్నది చేస్తుంది. ప్రింట్లను 600 డీపీఐలో (అంగుళానికి ఇన్ని చుక్కలని లెక్క), 35 ఎంఎం నెగెటివులను కనీసం 2400 డీపీఐలో స్కాన్ చేయించి, నాణ్యత తగ్గని టిఫ్ ఫైళ్లుగా రెండు హార్డ్ డిస్కులలో దాచి, ఒకదాన్ని వేరే ఊరిలోని బంధువుల ఇంట్లో ఉంచండి. ఫైలు పేరుగా, పై జవాబులో చెప్పినట్టు రిజిస్టరులో రాసుకున్న సంఖ్యనే పెట్టండి. స్కాన్ అయ్యాక అసలు ఫొటోలను మాత్రం పారేయకండి.